జేబులో పట్టేది, చేతిలో నిలిచేది

చెప్పులు కొనేటప్పుడు కాలు చూసుకుంటాం. ఉంగరం చేయించేటప్పుడు వేలు చూసుకుంటాం. చొక్కాకి కొలత ఇచ్చేటప్పుడు, మనసుకి కష్టమైనా సరే, పొట్ట కూడా చూసుకుంటాం. మరి పిస్తోలు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి? తెనాలిలో పుట్టి పెరిగిన నాబోటివాడికి యాభై ఎనిమిదో ఏట ఇలాంటి ప్రశ్న ఎదురవుతుందని ఏ జ్యోతిష్కుడూ చెప్పలేదు.

మా ఊళ్ళో నేను చూసిన తుపాకులు మూడే రకాలు. దీపావళికి రీలు పెట్టి టపటపా పేల్చే రేకు తుపాకీ ఒకటి. బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కునుకుతీసే మాజీ సైనికుడి ఒళ్ళో ఉండే జోడుగొట్టాల తుపాకీ రెండోది. ఎన్నికలనాడు పోలీసుల భుజాలకి వేలాడేవి మూడో రకం. మామూలు గృహస్థు సొంతానికి చేతి తుపాకీ కావాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం కింద అర్జీ పెట్టుకోవాలి. పోలీసులు విచారణ చెయ్యాలి. అధికారులు "అవును, ఈయనకి అవసరమే" అనుకోవాలి. కాన్పూరులోని సర్కారు కర్మాగారం 2014లో ఆడవాళ్ళ ఆత్మరక్షణ కోసమని "నిర్భీక్" అనే పేరుతో అరకిలో బరువుండే రివాల్వరు తయారు చేసింది గాని, ధర లక్ష రూపాయలు దాటింది. చాలామంది ఆడవాళ్ళు దాన్ని పేపర్లో బొమ్మ చూసే తృప్తిపడ్డారు.

ఇప్పుడు మేముండేది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన ఇర్వింగ్ అనే ఊళ్ళో. ఇక్కడ వ్యవహారం తలకిందులు. ఈ రాష్ట్రంలో కూడా ఒకప్పుడు పిస్తోలు దాచుకుని వీధిలో తిరగడం నేరమే. 1995లో చట్టం మార్చి, ఆ మరుసటి ఏడు జనవరి నుంచి లైసెన్సు పుచ్చుకున్నవాళ్ళని తిరగనిచ్చారు. 2021 సెప్టెంబరు 1 నుంచి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్ళకి ఆ లైసెన్సు కూడా తప్పనిసరి కాదన్నారు. అంటే, మన పక్కన నిలబడి వంకాయలు ఏరుకుంటున్న పెద్దమనిషి చొక్కా కింద ఏముందో మనకి తెలియదు. మన చొక్కా కింద ఏముందో ఆయనకీ తెలియదు.

నేను ఇక్కడ ఒక చిన్న పచారీ కొట్టు నడుపుతున్నాను. రాత్రి పది గంటలకి కట్టేసి, గల్లాలో డబ్బు సంచీలో వేసుకుని, కారు దాకా ఒక్కణ్ణే నడిచేవాణ్ణి. నిరుటి చలికాలంలో మాకు రెండు వీధుల అవతల ఒక పెట్రోలు బంకులో దొంగలు పడ్డారు. గల్లా ఊడ్చుకుపోవడమే కాకుండా, పోతూ పోతూ గుమాస్తా కుర్రాణ్ణి కాల్చిపోయారు. కుర్రాడు బతికాడు. కాని ఎడమచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. వాడు మా కొట్లో చింతపండూ గోంగూర పచ్చడీ కొనుక్కునేవాడు. ఆసుపత్రిలో చూసి వచ్చిన రాత్రి నేను మా ఆవిడతో పిస్తోలు మాట ఎత్తాను.

ఆవిడ వెంటనే వద్దని అంటుందనుకున్నాను. అనలేదు. చాలాసేపు ఆలోచించి, "కొనండి. కాని నావి మూడు షరతులు," అంది.

"చెప్పు," అన్నాను.

"ఒకటి, మీకు కాల్చడం సరిగ్గా వచ్చాకనే అది ఇంటి గడప తొక్కాలి. రెండు, మనవరాలు వచ్చినప్పుడు అది ఎక్కడుందో నేను అడక్కుండానే మీరు చెప్పాలి. మూడు, అది కొన్నాక మీరు ఇప్పటికంటె ధైర్యవంతులు కాకూడదు."

మొదటి రెండూ అర్థమయ్యాయి. మూడోది, "ఇదేం షరతే?" అన్నాను. "మీకే తెలుస్తుంది లెండి," అని దీపం ఆర్పేసింది.

ఆ శనివారం తుపాకుల దుకాణానికి వెళ్ళాను. కౌంటరు వెనక ఉన్నావిడకి మా అత్తగారి ఈడుంటుంది. ముగ్గుబుట్టలాంటి తల, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. "లోపల దాచుకోడానికి చిన్నది కావాలి," అన్నాను. ఆవిడ నా జేబులు చూడలేదు, నడుమూ చూడలేదు. "మీ చేతులు చూపించండి," అంది. వేళ్ళు మడిచి చూసింది. బొటనవేలి మొదట్లో వాపు చూసి, "కీళ్ళనొప్పులా?" అని అడిగింది. బియ్యం బస్తాలు ఎత్తిన చేతులు మరి! "దాచుకునేది చొక్కా, కాల్చేది చెయ్యి. ముందు చేతికి కుదరాలి," అంది. నేను తరవాత విన్న పాఠాలన్నీ ఈ ఒక్క మాటకి వ్యాఖ్యానాలే.

అప్పుడు మూడు చిన్న ఆయుధాలు తీసి, ఖాళీవని నాకు చూపించి, గుడ్డమీద పెట్టింది.

మొదటిది రూగర్ కంపెనీవారు 2008లో తెచ్చిన ఎల్‌.సి.పి. అనే బుల్లి పిస్తోలు. మూడువందల గ్రాములు కూడా లేదు. అరచేతిలో పెడితే పొడుంకాయలా ఉంది. నిజంగా చొక్కా జేబులో వేసుకుపోవచ్చు. రెండోది స్మిత్ అండ్ వెసన్ వారి 642 నంబరు రివాల్వరు. అయిదు గుళ్ళది. అల్యూమినియం చట్రం కాబట్టి బరువు నాలుగువందల గ్రాముల పైచిల్లరే. మూడోది సిగ్ కంపెనీవారి పి-365. 2018లో వచ్చింది. ఇంచుమించు అరకిలో. అంత చిన్న ఒంట్లోనే పది గుళ్ళ మేగజీను పట్టించారు. అది వచ్చాక మిగతా కంపెనీలన్నీ అదే దారి పట్టాయిట.

మొదటిదాని తూటా పెట్టె మీద ".380" అని రాసి ఉంది. ఇదే తూటాని ఇటలీవాళ్ళు తొమ్మిది మిల్లీమీటర్ల "కోర్తో", అంటే పొట్టిది, అంటారు. ఆ మాట వినగానే నా ప్రాణం చివుక్కుమంది. 1948 జనవరి 30న ఢిల్లీ బిర్లా భవనం తోటలో గాంధీగారి గుండెలకి గురిపెట్టిన బెరెట్టా పిస్తోలు ఈ తూటానే కాల్చింది. అదీ చిన్నదే. దాచుకోడానికి వీలైనదే. జనం మధ్య నమస్కారం పెట్టే దూరం దాకా ఎవరికంటా పడకుండా వచ్చింది. మూడే మూడు గుళ్ళు. దాచడానికి పనికివచ్చే వస్తువు మంచిమనిషి దగ్గరా చెడ్డమనిషి దగ్గరా ఒకలాగే దాక్కుంటుంది. ఆ ముసలావిడకి ఈ సంగతి చెప్పాను. ఆవిడ పెట్టె మూతవేసి, "మా దేశంలోనూ అంతే. లింకన్‌గారిని చంపినది కూడా జేబులో పట్టే డెరింజరే," అంది.

దుకాణం వెనకే కాల్చి చూసుకునే శాల ఉంది. అద్దెకి ఆయుధాలు ఇస్తారు. చెవులకి కప్పులు, కళ్ళకి అద్దాలు పెట్టి, ముందు నాలుగు నియమాలు అప్పజెప్పించారు. ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే భావించాలి. నాశనం చెయ్యడానికి ఇష్టంలేని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకున్నదాకా వేలు మీట మీదకి పోకూడదు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకోవాలి. ఎక్కంలా కంఠతా వచ్చేదాకా తూటా చేతికివ్వలేదు.

ఏడు గజాల దూరంలో కాగితం వేలాడదీశారు. మూడువందల గ్రాముల బుల్లిదానితో మొదలుపెట్టాను. చిన్నది కదా, సుతారంగా ఉంటుందనుకుంటాం. కాని తుపాకీ శాస్త్రంలో లెక్క ఎదురు. బరువు తక్కువైనకొద్దీ అది పేలినప్పుడు వెనక్కి తన్నే తన్ను ఎక్కువ. పట్టుకోడానికి పిడి మీద రెండు వేళ్ళకే చోటు. గొట్టం పొట్టిది కాబట్టి ముందు గురికీ వెనక గురికీ దూరం తక్కువ. చెయ్యి వెంట్రుకవాసి వణికితే గుండు జానెడు పక్కకి పోతుంది. ఆరు గుళ్ళయ్యేసరికి నా బొటనవేలు మొర్రోమంది. కాగితం మీద చిల్లులు ఉగాదినాటి వేపపూతలా ఎక్కడపడితే అక్కడ రాలాయి.

పి-365 హాయిగా కాలింది. గుళ్ళన్నీ ఒక విస్తరాకులో పట్టేటట్టు పడ్డాయి. చిక్కల్లా ఇంకోచోట వచ్చింది. ఇలాంటి పిస్తోలుకి మొదటి గుండు లోపలికి ఎక్కాలంటే పైనున్న స్లైడుని బలంగా వెనక్కి లాగి వదలాలి. స్ప్రింగు గట్టిది. నా వాచిన బొటనవేలు పదిసార్లలో నాలుగుసార్లు జారిపోయింది. పైగా ఇంకో మెలిక కూడా ఉంది. మేగజీను ఊడదీస్తే పిస్తోలు ఖాళీ అయిందని తెలియనివాడు అనుకుంటాడు. గొట్టం మొదట్లో ఒక గుండు మిగిలి ఉండొచ్చు. ఖాళీ అనుకున్న తుపాకీ పేలి ప్రాణాలు పోయాయని వార్తల్లో చదివేవాటిలో కొన్నిటికి కారణం ఈ ఒక్క గుండే.

రివాల్వరుకి ఈ రెండు బాధలూ లేవు. స్లైడు లాగక్కర్లేదు. చక్రం పక్కకి తెరిస్తే అయిదు గదులూ ఎదురుగా కనిపిస్తాయి. గుళ్ళు ఉన్నాయా లేవా అన్నది మా ఆవిడైనా సరే ఒక్క చూపులో చెప్పగలదు. దానికీ దోషాలున్నాయి. మీట బరువు. పూర్తిగా లాగాలంటే బలం, నిదానం రెండూ కావాలి. గుళ్ళు అయిదే. మళ్ళీ నింపుకోవడం తాపీ మీద జరిగే పని. పైగా 642 తేలికైనది కాబట్టి, అదీ గట్టిగానే తన్నింది.

"అయితే కాస్త బరువైనదే చూద్దాం," అని ముసలావిడ అదే కంపెనీవారి పాత రకం తెచ్చింది. చట్రమంతా ఉక్కు. రెండంగుళాలకి రవంత తక్కువ గొట్టం. అరకిలోకి కాస్త పైన బరువు. 1950లో పోలీసు అధిపతుల మహాసభలో మొదట ప్రదర్శించి, వాళ్ళచేతనే పేరు పెట్టించారట: "చీఫ్స్ స్పెషల్." తరవాత 36 నంబరు అయింది. నాకన్న పెద్దది వయసులో. ఆ ఉక్కు బరువు తన్నుని చాలావరకు తనే మింగేసింది. నిదానంగా కాలిస్తే ఏడు గజాల దూరంలో అయిదూ చేటంతలో పడ్డాయి. జేబులో పెడితే మాత్రం లాగు జారిపోయేటట్టుంది. నడుముకి పటకా, దానికి తోలు ఒర, పైన వదులు చొక్కా తప్పనిసరి.

"ఏది తీసుకుంటారు?" అంది.

జేబులో పట్టేదాన్ని నా చెయ్యి పట్టలేదు. చెయ్యి పట్టినదాన్ని జేబు పట్టలేదు. చొక్కా మార్చుకోవచ్చుగాని ఈ వయసులో చెయ్యి మార్చుకోలేం కదా! ఉక్కుదే తీసుకుంటానన్నాను.

ఆవిడకి ఇంకో ఆలోచన వచ్చింది. "మీ ఇంటావిడకి ప్రత్యేకమైన చేతిసంచులున్నాయి. పక్క అరలో పిస్తోలు పడుతుంది," అని ఒకటి చూపించింది. మంచి తోలు, ముచ్చటైన కుట్టు. నేను వద్దన్నాను. 2014 డిసెంబరు చివర్లో ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి ఇలాంటి సంచీతోనే బజారుకి వెళ్ళింది. ఆవిడకి లైసెన్సుంది, తుపాకీ అలవాటుంది. సంచీ పక్కన కూర్చున్న రెండేళ్ళ కొడుకు దాని అర తెరిచాడు. తల్లి అక్కడికక్కడే పోయింది. మా మనవరాలికి మూడేళ్ళు. ఇంటికి రాగానే దాని మొదటి పని నాయనమ్మ సంచీలో పిప్పరమెంట్లు వెతకడం. కాబట్టి తుపాకీ అంటూ బయటికి తీస్తే ఒంటిమీద ఉండాలి, లేకపోతే తాళంలో ఉండాలి. మూడో స్థలం లేదు. ఒర కూడా మీటని పూర్తిగా కప్పేదే అయి ఉండాలి.

ఇక కాగితాల సంగతి. 4473 అనే కేంద్ర ప్రభుత్వ ఫారం నింపాలి. నేరచరిత్ర ఉందా, మత్తుమందులు అలవాటా, పౌరసత్వం ఏమిటి, అన్నీ అడుగుతారు. 1998 నుంచి ఈ వివరాలు అక్కడికక్కడే తనిఖీ చేసే పద్ధతి ఉంది. నాకు గ్రీన్ కార్డుంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. ఇక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చదువు వీసా మీదా ఉద్యోగం వీసా మీదా వచ్చినవాళ్ళు తుపాకీగాని తూటాగాని దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా ఇది మారదు. మా బావమరిది కొడుకు చదువుకుంటూ మా ఇంట్లోనే ఉంటున్నాడు. "మామయ్యా, ఒక్కసారి చేతికివ్వవా, ఫొటో దిగుతాను," అన్నాడు. "ఫొటో దిగుతావు సరే, ఆ తరవాత నిన్ను విమానం ఎక్కిస్తే మీ నాన్నకి జవాబు ఎవరు చెప్తారురా?" అన్నాను. పెట్టె తాళం అంకెలు వాడికి చెప్పలేదు. వాడూ మళ్ళీ అడగలేదు.

ఇంటికి తీసుకురావడానికి ముందు ఆరు వారాలు కాల్చడం నేర్చుకున్నాను. అవసరం లేకపోయినా లైసెన్సు పరీక్ష కూడా ఇచ్చాను. మూడు గజాలు, ఏడు గజాలు, పదిహేను గజాల దూరం నుంచి మొత్తం యాభై గుళ్ళు కాల్చాలి. 250 మార్కులకి 175 వస్తే ప్యాసు. 221 వచ్చాయి. స్కూల్లో లెక్కల్లో ఎన్నడూ రాని మార్కులు! మా ఆవిడ కాగితం చూసి, "మొదటి షరతు సరే," అంది.

రెండోదానికి బీరువాలో గోడకి బిగించిన ఉక్కు పెట్టె వేయించాను. పదిహేడేళ్ళు నిండని పిల్లల చేతికి గుండున్న తుపాకీ అందేటట్టు వదిలేస్తే టెక్సాస్ చట్టం కూడా శిక్షిస్తుంది. అయితే తాళం పిల్లలకోసమే అనుకోకూడదు. 2021లో ఈ దేశంలో తుపాకీ వల్ల పోయినవాళ్ళు 48,830 మంది. వాళ్ళలో సగానికి పైగా దొంగల చేతిలోనో శత్రువుల చేతిలోనో పోలేదు. తమ ప్రాణం తామే తీసుకున్నారు. ఏ ఇంట్లోనైనా ఎవరికో ఒక చెడ్డ రాత్రి రాకపోదు. ఆ రాత్రి గడిచేదాకా తాళం గట్టిగా ఉండాలి. ఇంట్లో ఎవరికైనా మనసు బాగులేని రోజులొస్తే పెట్టె ఇంట్లోనుంచే తీసెయ్యాలని ఇద్దరం అనుకున్నాం.

మొదటి ఆదివారమే గుడి సమస్య వచ్చింది. బయలుదేరబోతుంటే ఆవిడ నా నడుముకేసి చూసి, "ఏమండీ, చెప్పులు బయట విడిచిపెట్టి దాన్ని లోపలికి తీసుకొస్తారా?" అంది. చట్టం ఏమంటుందని అడగలేదావిడ. బడులకీ కోర్టులకీ సరాసరి నిషేధమే ఉంది. చాలా దుకాణాల గుమ్మాల్లో ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ వద్దని బోర్డులుంటాయి. మా గుడి గుమ్మానికి మా ఆవిడే బోర్డు. కార్లో వదిలేద్దామంటే కార్లలోనుంచి తుపాకులు దొంగిలించడం ఇక్కడ మామూలు. ఆదివారంనాడు అది పెట్టెలోనే ఉంటుంది.

మూడో షరతుకి అర్థం తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఒక రాత్రి కొట్టు కట్టేసి, సంచీ పట్టుకుని కారుకేసి నడుస్తున్నాను. దీపస్తంభం అవతల చీకట్లోనుంచి ఒక మనిషి గబగబా నావైపు వచ్చాడు. పొడుగు కోటు, చేతులు రెండూ జేబుల్లో. నా కుడిచెయ్యి నన్నడక్కుండా చొక్కా కిందికి పోయింది. పిడి చల్లగా తగిలింది. ఆరు వారాల అభ్యాసం కదా, చెయ్యి దారి తప్పలేదు. అతను ఆరడుగుల దూరంలో ఆగి, "పెద్దాయనా, ఆఖరి బస్సు పోయిందా?" అన్నాడు. పోయిందన్నాను. "చలి చంపేస్తోంది," అని చేతులు జేబుల్లోనుంచి తీసి ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. చేతిలో ఏమీ లేదు. తొడుగులు కూడా లేవు.

అతను ఆ చేతులు అడుగు ముందు తీసి ఉంటే? పిస్తోలు లేనినాడు అలాంటి మనిషి ఎదురైతే నేను రెండో గుమ్మంలోనుంచి కొట్లోకి పోయి తలుపేసుకునేవాణ్ణి. ఆ రాత్రి పోలేదు. నిలబడ్డాను. ఆవిడ చెప్పిన ధైర్యం ఇదే కాబోలు. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. అన్నం వడ్డించి, చారు పోసి, "రేపటినుంచి తొమ్మిదికే కట్టెయ్యండి," అంది.

తొమ్మిదికే కట్టేస్తున్నాం. వాకిట్లో రెండు పెద్ద దీపాలు వేయించాం. గల్లాలో కొద్ది డబ్బే ఉంచి, మిగతాది చీలికలోనుంచి వేసే ఇనప్పెట్టెలో పడేస్తున్నాం. దాని తాళం రాత్రి నా దగ్గర ఉండదని గుమ్మం మీదే రాసిపెట్టాం. ఎవడైనా వచ్చి గల్లా అడిగితే ఇచ్చెయ్యమని కొట్లో పనిచేసే అమ్మాయికి చెప్పాను. నేనూ ఇచ్చేస్తాను. టెక్సాస్ చట్టం రాత్రిపూట ఆస్తి కాపాడుకోడానికి కొన్ని సందర్భాల్లో ప్రాణం తియ్యడాన్ని కూడా క్షమిస్తుంది. నా లెక్కలో ఉప్పూ పప్పూ అమ్మిన డబ్బుకి అంత ఖరీదు లేదు. అయిదు గుళ్ళూ ప్రాణం మీదికి వచ్చి, తప్పుకునే దారి లేనినాటికే.

నెలకోసారి శాలకి వెళ్ళి యాభై గుళ్ళు కాల్చి వస్తున్నాను. పెట్రోలు బంకు కుర్రాడు మొన్న కొట్టుకి వచ్చాడు. కుడిచేత్తో గోంగూర పచ్చడి సీసా అందుకుని, ఎడమచేతి వేళ్ళు కొద్దిగా కదిలించి చూపించాడు. ఆ తొమ్మిదికీ పదికీ మధ్య గంట బేరం పోయినందుకు నెలకి ఎంత నష్టమో పద్దుల పుస్తకంలో ఒక వరుస ఎర్రసిరాతో రాస్తున్నాను. మా ఆవిడ ప్రతి నెలా ఆ వరుస చూసి, "పరవాలేదు," అంటోంది.